సాల్మన్

సాల్మన్ అనునది సాల్మొనిడే కుటుంబానికి చెందిన కొన్ని చేపలకు గల సాధారణ నామం. ఉత్తర అట్లాంటిక్, ఉత్తర పసిఫిక్ మహాసముద్రాలు, వాటిలో కలిసే నదులు వీటి సహజ ఆవాసాలు. వీటిలో అధిక భాగం మంచినీటి ఏరులలో పుట్టి, సముద్రానికి వలస వెళ్ళి, అక్కడ పెరిగి, గుడ్లు పెట్టే కాలానికి తిరిగి తాము పుట్టిన నదికే చేరుకుంటాయి. పసిఫిక్ సాల్మన్లు దాదాపు అన్నీ గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే మరణిస్తాయి. ఉత్తరార్ధగోళపు చల్లని తీరాలలో నివసించే అనేక జాతుల ప్రజలకు వేల సంవత్సరాలుగా ఇవి ముఖ్యమైన ఆహారం. ఆనకట్టలు, మితిమీరిన వేట, నీరు వేడెక్కడం మొదలైన కారణాల వల్ల అనేక నదులలో వీటి సంఖ్య బాగా తగ్గిపోయింది. కొన్ని నదులపై ఆనకట్టలను తొలగించిన తరువాత ఇవి మళ్ళీ ఎగువకు చేరుకున్నాయి.

పేరు, వర్గీకరణ

సాల్మన్ అనే పేరు "సాల్మో" అనే లాటిన్ పదం నుండి వచ్చింది. లాటిన్‌లో "దుముకుట" అనే అర్థం గల క్రియతో దీనికి సంబంధం ఉన్నదని తరచుగా చెబుతారు.

సాల్మన్లు రెండు ప్రజాతులకు చెందినవి. అట్లాంటిక్ సాల్మన్ "సాల్మో" ప్రజాతికి చెందినది. దీనికి "సాల్మో సాలార్" అనే శాస్త్రీయ నామాన్ని 1758లో లిన్నేయస్ ఇచ్చాడు. పసిఫిక్ సాల్మన్లు "ఆంకోరింకస్" ప్రజాతికి చెందినవి. గ్రీకు భాషలో దీనికి కొక్కెపు ముక్కు అని అర్థం. గుడ్లు పెట్టే కాలంలో మగ చేప దవడలు కొక్కెంలా వంగడం వల్ల ఈ పేరు వచ్చింది. పసిఫిక్ సాల్మన్లలో ఐదు జాతులను 1792లో జర్మన్ శాస్త్రవేత్త వాల్‌బామ్ వర్ణించాడు. షావిచా, కిసుచ్, నెర్కా, కెటా, గోర్బుషా అనే జాతి నామాలు రష్యా తూర్పు కొసన ఉన్న కమ్‌చట్కా ప్రాంతంలో వాడుకలో ఉన్న పేర్ల నుండి తీసుకున్నవి.

సాల్మన్, ట్రౌట్ అనే పేర్ల మధ్య భేదం వాడుకలోనిదే కాని శాస్త్రీయమైనది కాదు. బ్రౌన్ ట్రౌట్ అట్లాంటిక్ సాల్మన్ ప్రజాతికే చెందుతుంది. రెయిన్‌బో ట్రౌట్‌ను 1989 నుండి పసిఫిక్ సాల్మన్ల ప్రజాతిలో చేర్చారు. సముద్రానికి వెళ్ళి వచ్చే రెయిన్‌బో ట్రౌట్‌ను స్టీల్‌హెడ్ అంటారు.

ముఖ్యమైన జాతులు

* అట్లాంటిక్ సాల్మన్: ఐరోపాలో పోర్చుగల్ నుండి రష్యా ఉత్తర తీరం వరకు, ఐస్‌లాండ్‌లోను, ఉత్తర అమెరికా తూర్పు తీరంలోను కనిపిస్తుంది. గుడ్లు పెట్టిన తరువాత వీటిలో కొన్ని బ్రతికి, తిరిగి సముద్రానికి వెళ్ళి, మరొకసారి నదికి రాగలవు. ప్రపంచంలో పెంపకం ద్వారా లభించే సాల్మన్లలో అత్యధిక భాగం ఈ జాతిదే.
* చినూక్: సాల్మన్లలో అన్నిటికంటే పెద్దది. దీనిని కింగ్ సాల్మన్ అని కూడా అంటారు. 1985లో అలాస్కాలోని కీనాయ్ నదిలో గాలానికి చిక్కిన ఒక చేప 44 కిలోల బరువు తూగింది. కొలంబియా నది దిగువ ప్రాంతంలో నివసించే చినూక్ తెగ పేరే దీనికి పెట్టారు.
* సాకై: సముద్రంలో వెండి రంగులో ఉండి, గుడ్లు పెట్టే కాలంలో శరీరం ఎర్రగాను, తల ఆకుపచ్చగాను మారుతుంది. పిల్లలు సాధారణంగా ఒకటి రెండు సంవత్సరాలు సరస్సులలో పెరుగుతాయి. అలాస్కాలోని బ్రిస్టల్ అఖాతం ఈ జాతికి ప్రపంచంలోనే పెద్ద కేంద్రం. 2022లో అక్కడికి సుమారు 7.9 కోట్ల సాకై చేపలు వచ్చాయి. సముద్రానికి వెళ్ళకుండా జీవితమంతా సరస్సులోనే గడిపే సాకైలను కోకనీ అంటారు.
* కోహో: వెండి సాల్మన్ అని కూడా అంటారు. పిల్లలు ఒక సంవత్సరానికి పైగా చిన్న వాగులలో గడుపుతాయి. అందువల్ల వాగులు పాడైనప్పుడు ముందుగా నష్టపోయే జాతులలో ఇది ఒకటి.
* చమ్: కొరియా, జపాన్‌ల నుండి ఆర్కిటిక్ తీరం వరకు, అక్కడి నుండి అమెరికా పశ్చిమ తీరం వరకు విస్తరించి ఉంది. జపాన్‌లోని హొక్కైడో దీవిలో ఈ చేప పిల్లలను పెద్ద ఎత్తున ఉత్పత్తి చేసి నదులలో వదులుతారు.
* పింక్: పసిఫిక్ సాల్మన్లలో చిన్నది, సంఖ్యలో ఎక్కువైనది. సరిగ్గా రెండు సంవత్సరాలే జీవిస్తుంది. అందువల్ల ఒకే నదిలో సరి సంవత్సరాలలో వచ్చే చేపలు, బేసి సంవత్సరాలలో వచ్చే చేపలు ఒకదానితో ఒకటి కలవని వేర్వేరు వంశాలుగా ఉంటాయి.
* మాసు: ఆసియాలో మాత్రమే ఉంటుంది. జపాన్, కొరియా, రష్యా దూరప్రాచ్య తీరాలు దీని ఆవాసాలు. దీనికి దగ్గరి బంధువైన ఫార్మోసా సాల్మన్ తైవాన్ కొండల వాగులలో మాత్రమే మిగిలి ఉంది.

శరీర లక్షణాలు

సాల్మన్ల శరీరం పొడవుగా, నీటిని చీల్చుకుపోవడానికి అనువుగా ఉంటుంది. వీపు మీద తోకకు దగ్గరగా కండ వంటి చిన్న వాజం ఒకటి ఉంటుంది. ఇది ఈ కుటుంబపు చేపలన్నిటిలోను కనిపించే గుర్తు. మాంసానికి గల నారింజ, ఎరుపు రంగులకు కారణం ఆస్టాజాంతిన్ అనే వర్ణద్రవ్యం. దీనిని ఈ చేపలు స్వయంగా తయారు చేసుకోలేవు. రొయ్యల వంటి చిన్న జీవులను తినడం వల్ల అది వీటి శరీరంలోకి చేరుతుంది. పెంపకపు సాల్మన్లకు ఈ పదార్థాన్ని మేతలో కలిపి ఇస్తారు.

ఆవాసం

సాల్మన్లకు చల్లని, స్వచ్ఛమైన, ప్రాణవాయువు సమృద్ధిగా ఉన్న నీరు అవసరం. గుడ్లు పెట్టడానికి ఏటి అడుగున గులకరాళ్ళు ఉండాలి. రాళ్ళ సందుల గుండా నీరు పారుతూ ఉంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. అడవులు నరికినప్పుడు కొట్టుకువచ్చే సన్నని మట్టి ఈ సందులను పూడ్చివేస్తే గుడ్లు ఊపిరాడక చనిపోతాయి. గట్ల మీది చెట్లు నీడనిచ్చి నీటిని చల్లగా ఉంచుతాయి. ఏటిలో పడిన పెద్ద దుంగలు మడుగులను ఏర్పరచి పిల్లలకు ఆశ్రయం కల్పిస్తాయి. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ఎదురీదే చేపలు ఒత్తిడికి లోనై, వ్యాధులకు సులభంగా గురవుతాయి.

జీవిత చక్రం

ఆడ చేప తోకతో ఏటి అడుగున గులకరాళ్ళను తవ్వి గుంట చేస్తుంది. అందులో గుడ్లు పెట్టగానే మగ చేప వాటిని ఫలదీకరిస్తుంది. తరువాత ఆడ చేప పైనుండి రాళ్ళను కప్పుతుంది. జాతిని, చేప పరిమాణాన్ని బట్టి గుడ్ల సంఖ్య మారుతుంది. పింక్ సాల్మన్ సుమారు 1,500 నుండి 2,000 గుడ్లు పెట్టగా, చినూక్ అంతకంటే ఎక్కువ పెట్టగలదు. వీటిలో పెరిగి పెద్దవై తిరిగి వచ్చేవి చాలా కొద్ది మాత్రమే.

చలికాలమంతా గుడ్లు రాళ్ళ క్రింద ఉంటాయి. పొదిగిన పిల్లలు కొన్ని వారాలపాటు పొట్టకు అంటుకొని ఉన్న పచ్చసొన సంచి మీద ఆధారపడి రాళ్ళ మధ్యనే దాగి ఉంటాయి. ఆ తరువాత పైకి వచ్చి పురుగులను, సూక్ష్మజీవులను తింటాయి. ఈ దశలో కొన్ని జాతుల పిల్లలకు పక్కల మీద వ్రేలిముద్రల వంటి మచ్చలు ఏర్పడతాయి. పింక్, చమ్ జాతుల పిల్లలు వెంటనే సముద్రానికి బయలుదేరుతాయి. సాకై, కోహో, అట్లాంటిక్ జాతుల పిల్లలు సాధారణంగా ఒకటి నుండి మూడు సంవత్సరాలు మంచినీటిలో గడుపుతాయి.

సముద్రానికి వెళ్ళే ముందు పిల్లల శరీరంలో పెద్ద మార్పు జరుగుతుంది. ఈ దశలోని చేపలను స్మోల్ట్ అంటారు. మచ్చలు మాసిపోయి శరీరం వెండి రంగులోకి మారుతుంది. మంచినీటిలో ఉన్న చేప శరీరంలోకి నీరు నిరంతరం చొరబడుతుంది, లవణాలు బయటకు పోతాయి. సముద్రంలో దీనికి వ్యతిరేకంగా నీరు బయటకు పోతుంది, ఉప్పు లోపలికి వస్తుంది. కనుక స్మోల్ట్ మొప్పలలోని ప్రత్యేక కణాలు లవణాలను గ్రహించే పనిని విడిచి, వాటిని బయటకు నెట్టే పనిని చేపడతాయి. తిరుగు ప్రయాణంలో ఇదే మార్పు తలక్రిందులుగా జరుగుతుంది. నదీముఖం వద్ద ఉప్పునీరు, మంచినీరు కలిసే ప్రాంతం ఈ మార్పుకు అలవాటుపడే తావు. అందుచేతనే నదీముఖాల లోని చిత్తడి నేలలు సాల్మన్ల మనుగడకు కీలకమైనవి.

వలస

సముద్రంలో సాల్మన్లు జాతిని బట్టి ఒకటి నుండి ఐదు సంవత్సరాలకు పైగా గడుపుతాయి. అట్లాంటిక్ సాల్మన్లలో అనేకం గ్రీన్‌లాండ్, ఫారో దీవుల దాకా వెళతాయి. పసిఫిక్ సాల్మన్లు అలాస్కా సింధుశాఖ, బేరింగ్ సముద్రం మీదుగా వేల కిలోమీటర్లు తిరుగుతాయి.

పరిపక్వత పొందిన చేపలు నదీముఖాన్ని చేరిన తరువాత ఆహారం తీసుకోవడం మానివేస్తాయి. అక్కడి నుండి ఎగువకు సాగే ప్రయాణమంతా శరీరంలో నిలువ ఉన్న కొవ్వు, మాంసకృత్తుల మీదనే జరుగుతుంది. జీర్ణాశయం కుంచించుకుపోతుంది. యూకాన్ నదిలో చినూక్ సాల్మన్లు బేరింగ్ సముద్రం నుండి కెనడాలోని ఎగువ ఉపనదుల వరకు దాదాపు 3,000 కిలోమీటర్లు ఎదురీదుతాయి. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో ఉన్న రెడ్‌ఫిష్ సరస్సును చేరే సాకైలు సుమారు 1,450 కిలోమీటర్లు ప్రయాణించి, సముద్రమట్టం నుండి దాదాపు 2,000 మీటర్ల ఎత్తుకు ఎక్కుతాయి. మార్గంలో వచ్చే చిన్న జలపాతాలను ఇవి ఎగిరి దాటుతాయి. అట్లాంటిక్ సాల్మన్ సుమారు 3 మీటర్ల ఎత్తు వరకు ఎగురగలదు.

గుడ్లు పెట్టే చోటికి చేరేసరికి పసిఫిక్ సాల్మన్ల శరీరం శిథిలావస్థలో ఉంటుంది. వాజాలు అరిగిపోయి, చర్మం మీద బూజు పట్టి ఉంటుంది. గుడ్లు పెట్టిన తరువాత ఆడ చేప శక్తి ఉన్నంతవరకు గుంటకు కాపలా కాసి చనిపోతుంది.

దారి గుర్తించే విధానం

సముద్రంలో వేల కిలోమీటర్లు తిరిగిన చేప తాను పుట్టిన వాగునే ఎలా గుర్తిస్తుందన్నది చాలాకాలం అంతుపట్టని విషయం. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆర్థర్ హాస్లర్, వారెన్ విజ్బీ 1951లో దీనికి వాసన కారణమని ప్రతిపాదించారు. ప్రతి వాగుకు అక్కడి మట్టి, రాళ్ళు, మొక్కల వల్ల ఒక ప్రత్యేకమైన వాసన ఉంటుందని, స్మోల్ట్ దశలో చేప దానిని జ్ఞాపకం పెట్టుకుంటుందని వారి వాదన.

1970లలో హాస్లర్ బృందం దీనిని పరీక్షించింది. కోహో పిల్లలను మార్ఫొలిన్ అనే రసాయనం అతి స్వల్పంగా కలిపిన నీటిలో కొంతకాలం పెంచి మిషిగన్ సరస్సులో వదిలారు. అవి పెద్దవై గుడ్లు పెట్టే కాలానికి ఒక వాగులో అదే రసాయనాన్ని కలిపారు. ఆ చేపలు ఎన్నడూ చూడని ఆ వాగులోకే వచ్చాయి. నదిలో దారి చూపేది వాసన అని దీనితో రుజువైంది.

నది వాసన నడి సముద్రానికి చేరదు. అక్కడ భూమి అయస్కాంత క్షేత్రం దిక్సూచిగా పనిచేస్తుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. కెనడాలోని ఫ్రేజర్ నదికి తిరిగివచ్చే సాకైలు వాంకోవర్ దీవిని ఉత్తరం వైపు నుండి గాని, దక్షిణం వైపు నుండి గాని చుట్టి రావలసి ఉంటుంది. 56 సంవత్సరాల వివరాలను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అయస్కాంత క్షేత్రంలో ఏటేటా వచ్చే స్వల్ప మార్పులను బట్టి ఏ దారిన ఎన్ని చేపలు వస్తాయన్నది మారుతున్నది.

కొద్ది శాతం చేపలు దారి తప్పి వేరే నదులలోకి వెళతాయి. ఇది లోపంగా కనిపించినా, కొత్త నదులలో సాల్మన్లు స్థిరపడడానికి ఇదే కారణం.

పర్యావరణంలో పాత్ర

సాల్మన్లు తమ బరువులో అధిక భాగాన్ని సముద్రంలోనే సంపాదిస్తాయి. నదులలో మరణించినప్పుడు ఆ పోషకాలు కొండల మీది వాగులకు చేరతాయి. ఎలుగుబంట్లు చేపలను పట్టి అడవిలోకి మోసుకుపోయి, సగం తిని వదిలివేస్తాయి. సముద్రం నుండి వచ్చిన నత్రజని తీరపు అడవుల చెట్లలో ఉన్నట్లు శాస్త్రవేత్తలు గుర్తించారు. కుళ్ళిన కళేబరాల మీద పెరిగే పురుగులు మరుసటి వసంతంలో సాల్మన్ పిల్లలకే ఆహారమవుతాయి. అమెరికా, కెనడా సరిహద్దు తీరంలో నివసించే ఒక ఓర్కా తిమింగలాల సమూహం ప్రధానంగా చినూక్ మీదనే ఆధారపడి ఉంది. చినూక్ తగ్గడం ఆ సమూహం క్షీణతకు ఒక ముఖ్య కారణం.

మానవ సమాజాలు

పసిఫిక్ తీరపు ఆదివాసీ తెగలలో ఏటా మొదట పట్టిన సాల్మన్‌ను గౌరవించే ఆచారం ఉంది. చేపను అందరూ పంచుకొని తిని, ఎముకలను తిరిగి నదిలో విడుస్తారు. జపాన్‌లోని ఐను ప్రజలు సాల్మన్‌ను "దేవతల చేప" అనే అర్థం గల పేరుతో పిలుస్తారు. కొలంబియా నదిపై సెలైలో జలపాతం వేల సంవత్సరాలపాటు తెగలన్నీ కలిసి చేపలు పట్టే, వ్యాపారం చేసుకునే కేంద్రంగా ఉండేది. 1957లో డాలెస్ ఆనకట్ట నీటిలో అది మునిగిపోయింది.

వాషింగ్టన్ ప్రాంతపు తెగలు 1854, 1855 సంవత్సరాలలో తమ భూములను అమెరికా ప్రభుత్వానికి వదులుకున్నప్పుడు, అలవాటైన చోట్ల చేపలు పట్టుకునే హక్కును ఒప్పందాలలో నిలుపుకున్నాయి. అయినప్పటికీ 20వ శతాబ్దంలో అనేకమంది ఆదివాసులు చేపలు పట్టినందుకు అరెస్టయ్యారు. 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్, పట్టదగిన చేపలలో సగం తెగలకు చెందుతుందని తీర్పు ఇచ్చాడు. 1979లో అమెరికా సుప్రీంకోర్టు దీనిని ప్రధానంగా సమర్థించింది. దీనితో తెగలు నదుల నిర్వహణలో రాష్ట్ర ప్రభుత్వంతో సమాన భాగస్వాములయ్యాయి.

ముప్పులు

ఆనకట్టలు: యూరోపియన్లు రాకముందు కొలంబియా నదికి ఏటా 1 కోటి నుండి 1.6 కోట్ల సాల్మన్లు వచ్చేవని అంచనా. 1938లో పూర్తయిన బోనవిల్ ఆనకట్టకు చేపల మెట్లు ఉన్నాయి. 1942లో పూర్తయిన గ్రాండ్ కూలీ ఆనకట్టకు ఆ ఏర్పాటు లేనందున ఎగువ నది మొత్తం సాల్మన్లకు మూసుకుపోయింది. చేపల మెట్లు ఎగువకు వెళ్ళే చేపలకు ఉపయోగపడినా, దిగువకు వెళ్ళే పిల్లలు టర్బైన్లలోను, నిలువ నీటి జలాశయాలలోను పెద్ద సంఖ్యలో నశిస్తాయి. రెడ్‌ఫిష్ సరస్సు చేపల దారిలో ఎనిమిది ఆనకట్టలు ఉన్నాయి. 1992లో ఆ సరస్సుకు ఒకే ఒక సాకై తిరిగి వచ్చింది. మిగిలిన కొద్ది చేపలను సంరక్షణలో పెంచి ఆ వంశాన్ని నిలబెట్టారు.

కొండచరియలు: 1914లో ఫ్రేజర్ నది లోని హెల్స్ గేట్ వద్ద రైలుమార్గ నిర్మాణం వల్ల బండలు విరిగిపడి నది ఇరుకైపోయింది. ప్రవాహ వేగాన్ని ఎదుర్కోలేక సాకైలు పెద్ద సంఖ్యలో మరణించాయి. 1940లలో అక్కడ చేపల దారులు నిర్మించారు.

ఉష్ణోగ్రత: 2002లో కాలిఫోర్నియాలోని క్లామత్ నదిలో నీరు తగ్గి, వేడెక్కి, వ్యాధులు వ్యాపించి కనీసం 34,000 చేపలు చనిపోయాయి. 2015 వేసవిలో కొలంబియాలో సుమారు 2.5 లక్షల సాకైలు వేడి వల్ల మరణించాయి. కాలిఫోర్నియాలో 2023, 2024, 2025 సంవత్సరాలలో సముద్రపు వాణిజ్య సాల్మన్ వేటను పూర్తిగా నిలిపివేశారు. యూకాన్ నదిలో చినూక్ వేటను ఏడేళ్ళపాటు నిలిపివేయడానికి 2024లో అమెరికా, కెనడా అంగీకరించాయి.

కాలుష్యం: సియాటిల్ పరిసరాలలోని వాగులలో వర్షం పడిన ప్రతిసారీ కోహోలు గుడ్లు పెట్టకముందే చనిపోవడానికి కారణం 2020లో తెలిసింది. వాహనాల టైర్ల రబ్బరు పగలకుండా కలిపే ఒక రసాయనం గాలిలోని ఓజోన్‌తో కలిసి విషపదార్థంగా మారి, వర్షపు నీటితో రోడ్ల మీద నుండి వాగులలోకి చేరుతున్నదని పరిశోధకులు కనుగొన్నారు.

ప్రకృతి పరిరక్షణ అంతర్జాతీయ సమాఖ్య 2023 డిసెంబరులో అట్లాంటిక్ సాల్మన్‌ను "ముప్పుకు చేరువలో ఉన్న" జాతుల జాబితాలోకి మార్చింది. 2006 నుండి 2020 వరకు ఈ జాతి సంఖ్య 23 శాతం తగ్గినట్లు పేర్కొన్నది.

నదుల పునరుద్ధరణ

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నదిపై 1913, 1927 సంవత్సరాలలో చేపల దారులు లేకుండా రెండు ఆనకట్టలు కట్టారు. లోయర్ ఎల్వా క్లాలమ్ తెగ దీర్ఘకాలం కృషి చేసిన తరువాత, 2011 నుండి 2014 మధ్య వాటిని తొలగించారు. సాల్మన్లు ఎగువకు చేరుకున్నాయి. 2023లో ఆ తెగ సభ్యులు తొలిసారిగా పరిమిత సంఖ్యలో కోహోలను పట్టుకున్నారు.

క్లామత్ నదిపై నాలుగు ఆనకట్టలను 2023, 2024 సంవత్సరాలలో తొలగించారు. 2002 నాటి చేపల మరణాల తరువాత యురోక్, కరుక్, క్లామత్ తదితర తెగలు సాగించిన ఉద్యమ ఫలితమిది. పనులు పూర్తయిన కొద్ది వారాలకే, 2024 అక్టోబరులో, చినూక్‌లు ఆరెగాన్ రాష్ట్రంలోని ఎగువ ఉపనదిలో కనిపించాయి. ఒక శతాబ్దానికి పైగా ఆ నీటిలోకి సాల్మన్లు రాలేదు.

పెంపకం

సముద్రంలో వల పంజరాలలో అట్లాంటిక్ సాల్మన్‌ను పెంచడం నార్వేలో 1970 ప్రాంతంలో ఆరంభమైంది. నార్వే ప్రథమ స్థానంలో, చిలీ ద్వితీయ స్థానంలో ఉన్నాయి. చిలీలో సాల్మన్లు సహజంగా లేవు, బయటి నుండి తెచ్చినవే. పంజరాలలో చేపలు ఇరుకుగా ఉండడం వల్ల సముద్రపు పేలు అనే పరాన్నజీవులు పెరిగి సహజ సాల్మన్ పిల్లలకు సోకుతాయి. తప్పించుకున్న చేపలు సహజ చేపలతో కలిసి వాటి వంశలక్షణాలను బలహీనపరుస్తాయి. త్వరగా పెరిగేలా జన్యుమార్పిడి చేసిన సాల్మన్‌ను అమెరికా 2015లో ఆహారంగా ఆమోదించింది. దానిని ఉత్పత్తి చేసిన సంస్థ 2024 చివరలో చేపల పెంపకాన్ని నిలిపివేసింది.

భారతదేశంలో

భారతదేశపు నదులలో సాల్మన్లు సహజంగా లేవు. బ్రిటిషు పాలనలో వీటి బంధువులైన ట్రౌట్ చేపలను కాశ్మీరు, నీలగిరి వంటి చల్లని ప్రాంతాలలో ప్రవేశపెట్టారు. చేపల మార్కెట్లలో "ఇండియన్ సాల్మన్" పేరుతో అమ్మే చేప వేరే కుటుంబానికి చెందినది. తెలుగువారు దానిని మాగ అంటారు.

వలస విషయంలో సాల్మన్‌తో పోల్చదగిన చేప గోదావరి పులస. ఇది సార్డీన్, హెర్రింగ్ చేపలకు దగ్గరి జాతి. సముద్రంలో ఉన్నప్పుడు దీనిని ఇలస లేదా విలస అంటారు. వర్షాకాలంలో గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురీది వస్తుంది. అప్పుడు పట్టిన చేపే పులస. సాల్మన్ వలె ఇది ఒకసారి గుడ్లు పెట్టి చనిపోదు, తిరిగి సముద్రానికి వెళుతుంది. అయితే ఎగువకు పోయే దారి విషయంలో రెండింటి సమస్య ఒకటే. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను సస్యశ్యామలం చేసింది. అదే ఆనకట్ట, దాని స్థానంలో తరువాత కట్టిన బ్యారేజీ పులస ప్రయాణానికి అడ్డుకట్టగా నిలిచాయి.

ఇవి కూడా చూడండి

* ట్రౌట్
* పులస
* చేపల వలస
* ధవళేశ్వరం ఆనకట్ట
* కొలంబియా నది